ఆ పిల్లకు ఏం చెప్పారు?

మొన్న నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల వెళ్తుంటే బస్సులో నా ముందు సీటు పెద్దాయన ఫోనులో పాత సినిమా పెట్టుకున్నాడు. తెర నాకు కనిపించలేదు, వినిపించడమే. మాటకూ మాటకూ మధ్య నూనెలో అప్పడం వేగుతున్నట్టుండే సన్నని బరబర. ఎక్కడో తలుపు గొళ్లెం తీసిన చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. ఆ కాలపు సినిమాల్లో నిశ్శబ్దం కూడా బరబరలాడుతూనే ఉంటుంది. ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి పాట మొదలయ్యాక, అది నేను భయపడిన సినిమా కాదని తెలిసింది. అయినా బస్సు దిగేదాకా గుండె కుదుటపడలేదు. విశాలాక్షి పెద్దమ్మ పోయి రెండేళ్లు దాటింది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఇంతే.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. మాట కరుకు. పాలవాడి నుంచి మునిసిపాలిటీ మనిషి దాకా ఆమె గుమ్మం ముందు గొంతు తగ్గించేవాళ్లు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోతే, ఆమె ఇంట్లో ఇన్వర్టర్ ఉందని ఫ్యాను కోసం వెళ్లాను. కిటికీకి పాత చీర కట్టి, గది చీకటి చేసుకుని, నలుపు తెలుపు సినిమా చూస్తోంది.

"కూసో. మాట్లాడబాక" అంది.

తెర మీద ఒక తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాకు నవ్వొచ్చింది. "ఎంతసేపు ఏడుస్తది పెద్దమ్మా ఈమె?" అన్నాను.

"ఏడ్చేదాన్ని ఎందుకు చూస్తన్నావే? ఎనక కొడుకు నిలబడ్డాడు, వాణ్ణి చూడు. డైరెక్టరు వాణ్ణి ఊరికే నిలబెట్టాడా?"

చూశాను. కొడుకు చెయ్యి తలుపు రెక్క మీద ఉంది. వేలి గోరుతో చెక్కను నెమ్మదిగా గీరుతున్నాడు. వాడు ఇల్లు వదిలి పోబోతున్నాడని తల్లి కంటే ముందు నాకు తెలిసిపోయింది. ఆ రోజు ఫ్యాను కోసం వెళ్లినదాన్ని, ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆమె ఇంటికి వెళ్లకుండా ఉండలేకపోయాను.

ఆమె నాకు సినిమా చూడటం నేర్పింది అంటే చాలామందికి అర్థం కాదు. సినిమా చూడటం కూడా ఒకరు నేర్పాలా అంటారు. ఆ పాత దర్శకులు ఒక మనిషిని గదిలో ఎక్కడ కూర్చోబెట్టారు, ఎందుకు కూర్చోబెట్టారు, మాట్లాడేవాడి ముఖం వదిలేసి వినేవాడి ముఖం ఎప్పుడు చూపించారు అన్నవి ఆమె కళ్లతో చూశాకే నాకు కనిపించాయి. కొన్నిసార్లు శబ్దం మొత్తం తీసేసేది. "ఇప్పుడు చెప్పు, ఆ ఇంట్లో పెద్దరికం ఎవరిది?" అని అడిగేది. మాటలు లేకుండానే తెలిసిపోయేది. "అప్పుడు కెమెరా బండరాయల్లే ఉండేది. దాన్ని కదపడం కష్టం. అందుకని మనుషుల్ని కదిలించారు. ఇప్పుడు మీ కెమెరాలు గాల్లో ఎగురుతన్నాయి, మనుషులు మాత్రం అట్టానే నిలబడుతున్నారు" అనేది. ఒక సినిమాలో, మొగుడు వేరే ఊళ్లో ఇంకో కాపురం పెట్టాడని కబురొస్తే, భార్య కొలుస్తున్న బియ్యం కొలవడం పూర్తి చేసి, చేట గోడకు ఆనించి, అప్పుడు తలెత్తుతుంది. ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా పెద్దమ్మ తొడ మీద చరుచుకునేది. "చూశావటే! కబురు ఆమె చెవిలో పడిందని ఆ చేట చెప్పుద్ది" అనేది.

నేను డిగ్రీ అయ్యాక పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో చేరడానికి కారణం ఆమే. మా నాన్న బ్యాంకు పరీక్షలు రాయమంటే ఆమె మా ఇంటికొచ్చి, "దాని కళ్లు పనిచేస్తున్నాయి. లెక్కల్లో పెట్టి పాడు చెయ్యబాకు" అని తేల్చేసింది. నేను కూర్చిన మొదటి పెళ్లి వీడియోలో అప్పగింతలయ్యి పెళ్లికూతురు కారెక్కేటప్పుడు ఆమెను కాక, దూరంగా కుర్చీలు మడతపెడుతూ ఆగిపోయిన తండ్రిని ఉంచాను. ఓనరు తిట్టాడు. పెళ్లివాళ్లు మాత్రం ఆ ఒక్క చోటే మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశారట. పెద్దమ్మకు చెబితే, "ఊఁ" అంది. ఆమె నోట ఆ "ఊఁ" చాలా పెద్ద మెచ్చుకోలు.

ఆమె నాకు చూపించిన సినిమాల్లో ఒకటి ఉండేది. అందులో ఆరేళ్ల పిల్ల ఒంటరిగా ఇంట్లో ఉంటుంది. బయటి నుంచి ఎవరో కేకేసి ఏదో చెబుతారు. పిల్ల పరుగెత్తుకొచ్చి తలుపు తీసి, వీధిలోకి చూసి, గడప మీద కూలబడి ఏడుస్తుంది. సంగీతం లేదు. కెమెరా పిల్ల దగ్గరికి వెళ్లదు. వీధికి అవతల నిలబడి చూస్తుంది, అంతే. అన్ని దృశ్యాలకూ వ్యాఖ్యానం చెప్పే పెద్దమ్మ దానికి మాత్రం ఏమీ చెప్పేది కాదు. "ఇది నువ్వే చూసుకో" అనేది. అది భక్తి అనుకున్నాను.

తర్వాత కొన్నేళ్లకు మా ఊరి కాలేజీలో పాత దర్శకుల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. అప్పటికి నేను చిన్న చిన్న సినిమాలకు ఎడిటింగ్ చేస్తున్నాను. పెద్దమ్మను తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. బియ్యం కొలిచే దృశ్యం చూపించాను, తలుపు గీరే కొడుకును చూపించాను. చివరికి ఆ గడప దృశ్యం వేశాను. ఇంత దుఃఖాన్ని ఇంత దూరం నుంచి చూపించిన సంయమనం ఇంకెవరికీ లేదని, ఆ దర్శకుడి గొప్పతనమంతా ఈ ఒక్క షాటులో ఉందని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, అంత చిన్నపిల్ల చేత అట్టా ఎట్టా చేయించారు?"

"ఓపిగ్గా, ఆడిస్తూ పాడిస్తూ చేయించి ఉంటారమ్మా" అన్నాను.

పెద్దమ్మ లేచి నిలబడింది. నా వైపు తిరగలేదు. ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"ఆడించలేదు, పాడించలేదు. మీ అమ్మ చచ్చిపోయిందని చెప్పారు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆగిపోయారు. కాలేజీ ప్రిన్సిపాలు, "మీకెట్టా తెలుసు టీచర్ గారూ?" అన్నాడు.

"ఆ పిల్ల నేనే."

నా చేతిలో మైకు ఉంది. అందులోంచి నా ఊపిరి హాలంతా వినిపిస్తోందని నాకు తెలుస్తోంది కానీ దాన్ని దించడం చేతకాలేదు. వెనక తెర మీద ఆ పిల్ల గడప మీద ఆగిపోయి ఉంది. పెద్దమ్మ ముందు నిలబడి ఉంది. ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. నుదుటి దగ్గర జుట్టు వంకీ తిరిగిన తీరు ఒక్కటే. మనుషుల్ని చూడటం ఇన్నేళ్లుగా నాకు నేర్పిన మనిషిని నేను చూడనే లేదు. ఆ తర్వాత సభ ఎలా ముగిసిందో నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, తనే చెప్పింది. వాళ్లది మాచర్ల దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లికి ఊపిరితిత్తుల జబ్బు చేస్తే వైద్యం కోసం మద్రాసు తీసుకెళ్లారు. అక్కడ మేనమామ స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగి. తల్లి ఆస్పత్రిలో ఉంటే పిల్ల మామ వెంట స్టూడియోకు వెళ్లేది. నటించాల్సిన పాపకు జ్వరం వచ్చిన రోజు, రంపప్పొట్టులో ఆడుకుంటున్న ఈమెను దర్శకుడు చూశాడు.

"ఎంత చెప్పినా నాకు ఏడుపు రాలా. చానాసేపు చూసి ఆయనే వచ్చి నా ముందు కూసున్నాడు. 'ఆస్పత్రి నించి కబురొచ్చింది తల్లీ, మీ అమ్మ పోయింది' అన్నాడు. మామ పక్కనే ఉన్నాడు. తల వంచుకున్నాడు. మామ కాదనలా, అందుకని నిజమనుకున్నా."

"తర్వాత?"

"షాట్ అయినాక ఆయనే ఎత్తుకున్నాడు. అబద్ధం అన్నాడు. బిస్కెట్ల పొట్లం ఇచ్చాడు. సాయంత్రం మామ తీసకపోయి అమ్మని చూపించాడు. అమ్మ నవ్వింది."

అంతటితో అయిపోయిందనుకున్నాను.

"ఆ చలికాలం అమ్మ నిజంగానే పోయింది. మామ వచ్చి అదే మాట చెప్పాడు. నేను ఏడవలా. వాకిట్లోకి పోయి కెమెరా యాడ పెట్టారా అని చూశా. అమ్మని తెచ్చి పడుకోబెట్టారు. పక్కన కూసోని, 'అయిపోయింది, ఇంక లెయ్యి' అంటానే ఉన్నా. బిస్కెట్లు ఎప్పుడిస్తారని మామనడిగా. పిల్లకి మతి పోయిందన్నారు. నిజమని నాకు తెలిసేపాటికి ఏడుపు ఎళ్లిపోయింది. మళ్లా రాలా."

ఏ గొంతుతో పాఠం చెప్పేదో అదే గొంతుతో చెప్పింది. లేచి మా ఇంటికి వచ్చి, గడప దాటుతూ తట్టుకుని పడ్డాను.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఇంటికి వెళ్లలేకపోయాను. పాత సినిమా పెడితే చాలు, ఏ ముఖం వెనక ఏం జరిగిందోనని వెంటనే ఆపేసేదాన్ని. ఒక ఆదివారం ఆమే రోడ్డు దాటి వచ్చింది.

"ఏమే, రావడం మానేశావేంది?"

"ఆయన పేరు వింటే ఒళ్లు మండిపోతోంది పెద్దమ్మా. ఆ సినిమా ఇన్నిసార్లు ఎట్టా చూశావు నువ్వు?"

"జరిగింది నీకా, నాకా?" అంది ముందు. తర్వాత మా అరుగు మీద కూర్చుంది. "మా అమ్మ కోసం నేను ఏడ్చింది ఆ ఒక్కసారేనే. ఆ ఏడుపు అందులోనే ఉంది, ఇంక యాడా లేదు. దాన్ని చూడొద్దంటే నేను యాడికి పోను?"

ఆమె చెయ్యి పట్టుకుని వెళ్లాను. ఇద్దరం ఆ దృశ్యం చూశాం. అప్పుడు, మొదటిసారి, ఆమె దాని గురించి మాట్లాడింది.

"కెమెరాని దూరంగా పెట్టాడు చూడు. ముందర నా మొహం మీదికే పెట్టుకున్నారు. నేను ఏడవడం మొదలెట్టినాక ఆయన చెయ్యి ఊపి, అంత బరువుదాన్నీ వీధి అవతలకి ఎనక్కి తీయించాడు. మళ్లీ చేద్దామని ఎవరో అంటే వద్దన్నాడు. నువ్వు సంయమనం అన్నావే, అది సిగ్గేమో. ఆయన గొప్పోడు కాదని నేననను. చేసింది మంచి పననీ అనను. రెండిట్లో ఒకటి తీసెయ్యమని నన్నడగబాక."

ఆమె అడగవద్దన్నది నేనింకా ఎవరినీ అడగలేదు, నన్ను నేను కూడా. ఆ దర్శకుల పని చూస్తే ఇప్పటికీ నా తల వంగుతుంది. వంగిన తల లోపల ఒక వణుకు ఉంటుంది. పెద్దమ్మ ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. ఆమె కోసం నేను ఎంత ఏడ్చానో మా వీధికంతా తెలుసు.

మొన్న బస్సు దిగి వెళ్లింది పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర షూటింగుకే. కుర్రాళ్లు తీస్తున్న చిన్న సినిమా, ఎడిటింగ్ నాది. కథలో ఒక పాప క్వారీకి వెళ్లిన తండ్రి కోసం రోడ్డు పక్కన ఎదురుచూస్తూ ఏడవాలి. అక్కడి కూలీ మనిషి కూతుర్నే పెట్టుకున్నారు. ఆ పాప ఎంతకీ ఏడవలేదు. ఎండ పోతోంది. దర్శకుడు నవీన్ నన్ను పక్కకు పిలిచాడు.

"వాళ్ల నాన్నని లారీ గుద్దిందని చెబుదాం అక్కా. ఒక్క నిమిషమే. తర్వాత చాక్లెట్ ఇచ్చి నిజం చెప్పేద్దాం. పాత డైరెక్టర్లు కూడా ఇట్టానే చేసేవాళ్లంట."

అదే మాట, అదే తీపి పొట్లం. ఇన్నేళ్ల తర్వాత, ఏ పాపమూ ఎరగని ఈ కుర్రాడి నోట. అక్కడే రాళ్ల మీద కూర్చుని అతనికి మొత్తం చెప్పాను. బిస్కెట్ల దగ్గరికి వచ్చేసరికి నవీన్ తల తిప్పుకున్నాడు. మొత్తం విన్నాక, "ఏడవకపోతే ఏడవకపోనీలే అక్కా" అన్నాడు.

పాపను ఊరికే నిలబడమన్నారు. లారీలు సున్నపు దుమ్ము లేపుకుంటూ పోతుంటే, ఒక కాలితో ఇంకో కాలిని గోక్కుంటూ, ప్రతి లారీనీ తలెత్తి చూస్తూ నిలబడింది. అంతే. అయిపోయిందన్నాక నా దగ్గరికొచ్చి చున్నీ పట్టుకుంది.

"మా నాన్న నిజంగా వస్తాడా?"

"వస్తాడమ్మా. ఆరింటికి పని దిగుతాడు" అన్నాను.

ఆరు దాటాక ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో వాళ్ల నాన్న వచ్చాడు.