డస్టరెత్తి నిలబడ్డ సారు

సిద్దిపేట బస్టాండు వెనక కంప్యూటర్ సెంటర్లో లక్ష్మీరాజం సారు చెవి సందున బీడీలా చాక్‌పీసు దోపుకుని పాఠం చెబుతారు. ఆ రోజు పాఠం, క్షణం ఆలస్యమైనా పని చెడే యంత్రాల కెర్నల్‌లో, అంటే వాటిని నడిపే మూల ప్రోగ్రాంలో, వేసే తాళం గురించి. ఒకే సమాచారాన్ని ఎందరైనా కలిసి చదవొచ్చు. రాసేవాడు మాత్రం చదివేవాళ్లంతా తప్పుకున్నాకే రావాలి. అంతలో బోర్డు నిండింది. తుడిచి రాయబోయారు.

"జర ఆగున్రి సారూ, ఇంకా సదువుతున్న" అంది ముందు బెంచీలోని కన్యక. ఆమె ముగించేలోపు పక్కనున్న రామేశ్వర్ చదవడం మొదలుపెట్టాడు. అతను ముగించేలోపు ఆలస్యంగా వచ్చిన ఇంకొకడు. తాను చెప్పిన నియమం తానే ఎలా తప్పుతారు? సారు డస్టరెత్తి అలాగే నిలబడ్డారు. బెల్లు మోగింది.

"ఇంకేమన్న రాసేదుండెనా సారూ?" కన్యక అడిగింది.

"ఒక్క లైనే బిడ్డా. రాసేటోన్ని గిట్ల నిలవెట్టొద్దని."