సూదిమందు సీసాల జూమర్

భద్రమ్మ చిన్నప్పుడు మొదటిసారి జూమర్‌ను చూసింది తొర్రూరు దగ్గర ఒక దొరల గడీలో. వాళ్లమ్మ అక్కడ వాకిలి ఊడ్చేది. హాలు పైకప్పు నుంచి వేలాడుతున్న ఆ గాజు దీపాల గుత్తిని నోరు తెరిచి చూస్తూ నిలబడినందుకు చీవాట్లు తిన్నది. పెళ్లయి వరంగల్ మట్టెవాడకు వచ్చినా అది ఆమె కళ్లలోంచి పోలేదు.

భర్త సాంబమూర్తి మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. ఒకటే గది. కరెంటు లేదు. డెబ్బై ఆరులో ఆ గదికి జూమర్ చేయాలని భద్రమ్మ పూనుకుంది. చట్రానికి వల ఊడిన జల్లెడ దొరికింది. దవాఖానలో ఆయాగా చేసే చిలుకమ్మ సూదిమందు ఖాళీ సీసాలు తెచ్చి ఇచ్చేది. తెగిన దండల పూసలు ఇంటింటా అడిగింది, పగిలిన గాజుల ముక్కలు కొట్ల ముందు ఏరుకుంది. అన్నిటినీ మగ్గం నూలుతో గుచ్చి ఎత్తగానే, బరువుకు తెగి పూసలన్నీ మగ్గం గుంతలో పడ్డాయి. రెండోసారి మోటార్లు బాగుచేసే దుకాణం నుంచి కాలిన రాగితీగ తెచ్చి గుచ్చితే నిలిచింది.

"కరెంటే లేదు, జూమరెందుకే?" అన్నాడు సాంబమూర్తి.

"ఎలిగించెటందుకా? చూసుకునేటందుకు. దినాం నీ మగ్గమే చూడాల్నా?"

పొద్దున తలుపు తీస్తే జూమర్ మీద ఎండపడి, నేసే జంపఖానా మీద రంగులు పారేవి. సాంబమూర్తి నెత్తికి తగలకుండా వంగి నడవడం నేర్చుకున్నాడు.

కొన్నేళ్లకు ఆ గడీ దొర కొడుకు రాజేశ్వర్ రావు మట్టెవాడలోనే అద్దెకు దిగాడు. ఊళ్లో జనం దొరలకు ఎదురు తిరుగుతున్నారని ఉన్నవన్నీ అమ్ముకుని వచ్చాడు. గడీలోని అసలు జూమర్ కూడా అలాగే పోయింది. మున్సిపల్ ఎన్నికలు దగ్గరపడేసరికి పార్టీ టికెట్ మీద ఆశపడి, ఒక పెద్ద నాయకుణ్ణి భోజనానికి పిలిచాడు. తీరా చూస్తే ఇంట్లో దొరతనం కనిపించే వస్తువు ఒక్కటీ లేదు.

"భద్రమ్మా, జర నీ జూమర్ ఒక్క పూటకిస్తవా?" అని గడప దగ్గర నిలబడ్డాడు.

దొర వచ్చి అడుగుతుంటే కాదనలేక తలూపింది. సాంబమూర్తి మోసుకెళ్లి కట్టి వచ్చాడు. వడ్డించడానికి భద్రమ్మనే పిలిచారు.

నాయకుడు అన్నం కలుపుతూ పైకి చూశాడు. "ఎక్కడిదిది?"

"మా తాత బెల్జియం నుంచి తెప్పించిండు," అన్నాడు రాజేశ్వర్ రావు జంకకుండా.

"అదే అనుకున్న. ఇసొంటి పనితనం మనోళ్లకేడ వస్తది!"

భద్రమ్మకు ఒళ్లు మండాల్సింది. కానీ ఆమె పనిని అంతగా మెచ్చుకున్న మనిషి అప్పటిదాకా ఇంకొకరు లేరు. ఆయన విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది.

"మా ఆఫీసుల ఉంటే మస్తుంటది," అన్నాడు నాయకుడు చేయి కడుక్కుంటూ. జూమర్ ఆయన జీపులో వెళ్లిపోయింది. రాజేశ్వర్ రావుకు టికెట్ వచ్చింది. ఓట్లు మాత్రం రాలేదు.

ఫలితాలు వచ్చాక భద్రమ్మ వెళ్లి అడిగింది. "నా జూమరేది దొరా?"

"ఎట్ల తెమ్మంటవు? మా తాతదని చెప్పిన గదా."

"మీ తాతది మీరిచ్చుకున్నరు. నాది నాకు గావాలె. సీసాలు, పూసలు ఏరుక రాండ్రి, నేను గుచ్చుకుంట."

రాజేశ్వర్ రావు సంచి పట్టుకుని గాజుల కొట్ల ముందు వంగాడు. ఓట్లడిగినప్పుడు మొహం తిప్పుకున్నవాళ్లు, "ఏం పోగొట్టుకున్నరు దొరా?" అని తామూ వంగి వెతికారు. సీసాల కోసం చిలుకమ్మకు నమస్తే పెట్టాడు. తెచ్చి పోసినవాటిలో సగం భద్రమ్మ పక్కకు తోసేసింది.

రోజూ వచ్చేవాడు. చేయడానికి వేరే పనేమీ లేక తానూ తీగ పట్టుకున్నాడు.

"ఎర్రదాని పక్కన తెల్లది, దొరా! ఎన్నిసార్లు చెప్పాలె?" అని ఆమె విప్పించి మళ్లీ గుచ్చించేది. పరువు పోతోందని ఆయన భార్య వెనక గల్లీ నుంచి వెళ్లమంది. ఆయన వెనక గల్లీ నుంచే వచ్చేవాడు, కానీ మానలేదు.

రెండో జూమర్ మొదటిదానికన్నా బాగా కుదిరింది. చూసినవాళ్లు తమకూ ఒకటి కావాలన్నారు. భద్రమ్మకు ఓపిక లేక, "దొర చేస్తడు, పోయి అడుగుండ్రి," అని పంపేది. ఆయన చేసిన ప్రతిదాన్నీ ముందు ఆమెకు చూపేవాడు. బాగుందని ఆమె అంటే, అరుగు మీద కూర్చుని చాయ్ తాగి పోయేవాడు.