ఊపిరి చూడమన్నారు

మా నాయన గడ్డిమందు తాగి పోయాడు. ఎందుకు తాగాడని నన్నడక్కండి. పత్తికొండ టమోటా మార్కెట్టు మొహం చూసినవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగరు. ఆ పూటే పోయుంటే నా బతుకు వేరేగా ఉండేదేమో. ఆ మందుకు అంత దయ లేదు. మనిషిని తెలివిలోనే ఉంచి, ఊపిరితిత్తుల్ని నిదానంగా బిగించేస్తుంది.

కర్నూలు ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, రోజుల తరబడి ఆయన రొమ్మునే చూశాను. ఎగరడం, దిగడం. చావాలని తాగినవాడికి అక్కడే బతకాలని ఆశ పుట్టింది. "ఈ తూరి టమోటా వద్దు మే, శెనక్కాయ యేద్దాం" అనేవాడు. "గాలి చాలడం లేదు మే, డాక్టర్ని గాలి పెట్టమను" అని నా చెయ్యి పట్టుకునేవాడు. నేను పోయి డాక్టరు మీద అరిచాను. "ఈ విషానికి ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా పాడవుతాయమ్మా" అన్నాడాయన తల వంచుకుని. గాలి కూడా విషమైతే మనిషి ఇంకేం పీల్చి బతకాలి? గాలి ఎందుకు పెట్టడం లేదో నేను నాయనకు చెప్పలేకపోయాను.

చర్చి వెనక సమాధి చేసి వచ్చాక, పక్కన ఎవరైనా ఊపిరి తీసుకుంటే వినలేకపోయేదాన్ని. మా ఆయన ఉద్యోగం రాయచోటిలో. ఇంట్లో మా అమ్మ, నేను, ఐదేళ్ల నా కూతురు. పిల్లకు జలుబు చేస్తే ముక్కు గురగురమనేది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచి, వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. చివరికి దాని పక్క మా అమ్మ గదిలోకి మార్చాను. "నేనేం జేసినా మా?" అని అడిగింది. "నువ్వేం చేయలేదు. నీ ఊపిరి చప్పుడుకు నాకు నిద్ర పట్టదు" అన్నాను. నాకు కావాల్సింది ఒకటే, నా బిడ్డ పక్కన మళ్లీ పడుకోగలగడం. దానికోసమే కర్నూలులో ఒక సైకాలజిస్టు దగ్గరికి పోయాను. ఆయన ధ్యాన శిబిరాలకు వెళ్లివచ్చే మనిషి. గదిలో చిన్న బుద్ధుడి బొమ్మ ఉండేది.

ఆ సంగతి విని మా అమ్మ మండిపడింది. "యేసయ్య కాళ్లకాడ మోకరించక, ఆ బుద్ధుడి బొమ్మ పెట్టుకున్నోని కాడ నీకేం పనే?"

మొదటి రోజే ఆయన నా చేత కళ్లు మూయించాడు. "ముక్కు దగ్గర వచ్చే గాలిని, పోయే గాలిని చూడండి. మార్చొద్దు. ఊరికే చూడండి."

"అదే కద సార్ నేను చేసొచ్చింది!" అని గది అదిరేలా అరిచాను. కుర్చీ వెనక్కి పడింది. నేను చదువు చెప్పే బడిలో పిల్లల మీద కూడా ఎప్పుడూ అంత గొంతు పెంచలేదు.

ఆయన కుర్చీ ఎత్తి పెట్టి, "ముందు మీ మాట వినుండాల్సింది. తప్పు నాది. ఎవరి ఊపిరి చూసినారు?" అన్నాడు.

చెప్పాను. అంతా విని, "బుద్ధుడు శవాన్ని కూడా తేరిపార చూడమన్నాడు. అయితే ఇది మీరొక్కరే చూడాల్సిన పని లేదమ్మా. ఇద్దరం చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ముక్కు, గాలి అనలేదు. నేను నాయన గురించి కొంచెం చెప్పేదాన్ని. రొమ్ము పట్టేసినప్పుడు చెప్పడం ఆపించి, అరికాళ్ల కింద కడప బండ చల్లదనాన్ని గమనించమనేవాడు. కుదుటపడ్డాక మళ్లీ చెప్పమనేవాడు. శెనక్కాయ మాట చెప్పడానికే నాకు నెలలు పట్టింది. ధ్యానంతో అంతా తుడిచిపెట్టుకుపోయిందని అంటే నా నోట్లో పురుగులు పడతాయి. కాకపోతే, పరిగెత్తకుండా కూర్చోవడం వచ్చింది.

"ఒక మధ్యాహ్నం పాప పక్కన పడుకుని చూడండి" అన్నాడు ఒకసారి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పిల్లను పిలిచాను. దిండు చంకలో పెట్టుకుని ఎగురుకుంటూ వచ్చింది. నేను చాప మీద గోడవైపు తిరిగి పడుకుని, పాదాలు కింది బండకు ఆనించి, కళ్లు మూసుకున్నాను. కాసేపైంది. ఏ చప్పుడూ లేదు. గుండె దడా లేదు. అబ్బ, నయమైందే అనుకున్నాను. సంతోషం పట్టలేక దానివైపు తిరిగాను.

పిల్ల బుగ్గలు పూరించి, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది.

"ఏం జేస్తాండావే!" అని కుదిపాను. ఒక్కసారిగా ఊపిరి వదిలి రొప్పింది.

"నీకు ఇనపడకుండా బిగబట్టుకున్నా మా. నన్ను అవ్వ కాడికి పంపించొద్దు."

దాన్ని రొమ్ముకు అదుముకుని బోరున ఏడ్చాను. "తీసుకో తల్లీ, గట్టిగా తీసుకో" అన్నాను. అది నన్ను నమ్మలేదు. కొంచెం తీసుకుని, నా మొహంలోకి చూసి, మళ్లీ ఆపింది.