మా మిద్దె మీద ఆవు

ఇల్లు కట్టి మేస్త్రీతో తగవు పెట్టుకున్నవాళ్ళను మీరు చూసుంటారు. వాస్తు కుదరలేదని కట్టిన గోడను కూలగొట్టుకున్నవాళ్ళనూ చూసుంటారు. గృహప్రవేశం నాడు ఆవును మిద్దె ఎక్కించి, దాన్ని దించే దారి తెలియక, వీధి వీధంతా చూస్తుంటే పంచె ఎగ్గట్టి నిలబడ్డ మహానుభావుణ్ణి మాత్రం చూసుండరు. చూడండి. నేనే.

అది కరోనా లాక్‌డౌన్ కాలం. అప్పటికి నాకు డెబ్బై కూడా నిండలేదు. కుర్రతనం, దుడుకు!

ముందు నా చదువు సంగతి చెప్పాలి. నేను బడికి పోయింది కొద్దికాలమే. మిగతా విద్యంతా కర్నూలులో కిరాణా కొట్లో పనిచేసినప్పుడు, పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పుస్తకాల్లోంచి సంపాదించాను. చింతపండు కట్టేటప్పుడు వైద్యం, బెల్లం కట్టేటప్పుడు జ్యోతిషం, ఎండుమిరపకాయలు కట్టేటప్పుడు వాస్తు. ఏ పుస్తకమూ చివరిదాకా ఉండేది కాదు. ముగింపు ఎవరింటికో కందిపప్పుతోపాటు వెళ్ళిపోయి ఉండేది. అయినా పట్టాలు పుచ్చుకున్నవాళ్ళతో వాదనకు దిగి నేను ఏనాడూ ఓడిపోలేదు. ప్రతిసారీ వాళ్ళే లేచి వెళ్ళిపోయారు.

కల్లూరులో మా ఇల్లు సగంలో ఉండగా లాక్‌డౌన్ వచ్చి పడింది. మేస్త్రీ వేంపల్లెలో చిక్కుకున్నాడు, సిమెంటు ఎక్కడో లారీలో చిక్కుకుంది, నేను మా ఆవిడ రత్నమ్మ నోటికి చిక్కుకున్నాను. ఎలాగో ఒకటొకటే కూడి ఇల్లు పూర్తయింది. కింద రెండు గదులు, వంటిల్లు. బయటినుంచి మెట్లు. పైన పిట్టగోడ, ఒక మూల నా పుస్తకాలకు ఒక గది. వెల్డింగు షాపులు మూసేయడంతో మెట్లకు కమ్మీలు మాత్రం పెట్టలేదు. మిగిలిన ఇసుక వాకిట్లో కుప్పగా ఉండిపోయింది.

ఇంత చేసినా రత్నమ్మ మొహంలో సంతోషం లేదు. పెళ్ళయిన నాటినుంచి ఆమె కాపురమంతా బాడుగిళ్ళలోనే గడిచింది. అప్పుడు మేముంటున్నది అదే వీధిలో ఎదురు వరసన, ఓబుళమ్మగారింట్లో. ఆ తల్లి గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు. పాలు పొంగి పొయ్యిగట్టు మీద పడితే, "మీకేం పోయె, బాడుగోళ్ళు! గట్టు మాది గదా" అనేది. కొత్తింట్లో పాలు పొంగించేటప్పుడు వీధినంతా పిలవాలనీ, ముందు వరసలో ఓబుళమ్మను కూర్చోబెట్టాలనీ రత్నమ్మ ఎంతకాలంనుంచో అనుకుంటోంది. తీరా చూస్తే నలుగురు ఒకచోట చేరకూడదని ఆంక్షలు. పెట్టుకున్న ముహూర్తం తప్పితే తర్వాత మూఢమట.

"పిలుపులు లేకుండా గృహప్రవేశమేందయ్యా? మనింట్లోకి మనమే దొంగల మాదిరి జొరబడాల్నా?" అని కళ్ళొత్తుకుంది.

"చట్టం రత్నమ్మా, చట్టం!" అన్నాను, ఆ చట్టమేదో నేనే రాసినట్టు.

ముహూర్తం రోజు పక్క సందులోనుంచి మద్దిలేటి తన ఆవునూ దూడనూ తోలుకొచ్చాడు. ఆవుకూ దూడకూ తప్ప అందరికీ మాస్కులున్నాయి. పురోహితుడు ఫోనులో ఉన్నాడు. ఆవు తోక పట్టుకుని గడప దాటాం. అంతా లక్షణంగా ఉంది. ఇక్కడితో ఆగిపోయుంటే ఈరోజు ఇది రాసే పనే ఉండేది కాదు. కానీ నేను చదువుకున్నవాణ్ణి కదా!

"ఇంక పాలు పొంగించండి" అన్నాడు ఫోనులో పురోహితుడు.

"పైన గది ఉండాది సామీ. దాంట్లో గోవు అడుగు పెట్టాల్సిన పని లేదా?"

"సింహద్వారం దాటితే ఇల్లంతా దాటినట్టేనండీ."

"యాడ రాసుండాది? నేను చదివిన పుస్తకంలో ప్రతి గదీ తొక్కాలని ఉండాది."

"ఏ పుస్తకమది?"

అట్ట లేని పుస్తకానికి పేరెక్కణ్ణుంచి తేను? "శానా పాతది" అని ఫోనును రత్నమ్మ చేతికిచ్చాను.

మద్దిలేటి తల గోక్కున్నాడు. "యానాడూ మెట్లెక్కలే పెద్దాయనా. ఎక్కుతాదో లేదో!"

"ఎందుకెక్కదప్పా? అరటిపండు చూపిస్తే నువ్వెక్కవా?"

అరటిపండు చూపించాను. మీరు నమ్మరు, ఆ ఆవు తిరుమల కొండకు మొక్కుకున్నట్టు ఒక్కో మెట్టూ చకచకా ఎక్కేసింది. నా గదిలోకి దర్జాగా పోయింది, నా బల్ల మీది పంచాంగం సగం నమిలింది, బయటికొచ్చి పేడ కూడా వేసింది. "శుభం!" అని కేకేశాను. నా జీవితంలో శాస్త్రం అంత స్పష్టంగా గెలిచిన ఘడియ అదే. సరిగ్గా ఒక ఘడియే.

తర్వాత ఆవును మెట్ల దగ్గరికి తెచ్చాం. అది కిందికి చూసింది. నన్ను చూసింది. మళ్ళీ కిందికి చూసింది. నాలుగు కాళ్ళూ పాతుకుని నిలబడిపోయింది.

అరటిపండు చూపించాం. మెడ చాచి పండు తినింది, కాలు కదపలేదు. మద్దిలేటి పలుపు లాగాడు, నేను వెనకనుంచి తోశాను. ఆవు వెనక్కి ఒక అడుగు వేసింది, నేను పిట్టగోడకు అతుక్కున్నాను. కింద దూడ అంబా, పైన ఆవు అంబా, మధ్యలో మద్దిలేటి, "ఎక్కించేటప్పుడు పుస్తకం ఉండ్య, దించే పుస్తకం యాడ పోయ?" అని ఏడుపు.

"వెనక్కి తిప్పి దింపుదాం" అన్నాను.

"అదేమన్నా ఆటోనా, రివర్సు గేరు వేసేకి?"

ఈ గోలకు వీధి లేచింది. లాక్‌డౌన్‌లో జనానికి వేరే వినోదం లేదు కదా. బయటికి రాకూడదు, మిద్దె ఎక్కొచ్చు. చూస్తుండగానే చుట్టుపక్కల మిద్దెలన్నీ నిండిపోయాయి. పిల్లాజెల్లా, ముసలీముతకా, కొందరైతే కుర్చీలు కూడా తెచ్చుకున్నారు. ఎదురు మిద్దె మీద, అందరికంటే ముందు, ఓబుళమ్మ!

"ఏం రత్నమ్మా, అప్పుడే పైవాటా బాడుగకిచ్చినారా?"

మిద్దెలన్నీ నవ్వాయి. భూమి చీలితే దూరిపోదామనుకున్నాను గానీ, ఉన్నది మిద్దె మీద. చీలినా వంటింట్లోనే పడతాను.

కింద రత్నమ్మ చేతిలోని ఫోనులో పురోహితుడు అరుస్తున్నాడు: "ముహూర్తం దాటిపోతోంది! పాలు పెట్టండమ్మా!"

రత్నమ్మ పైకొచ్చింది. నాకు మూడిందనుకున్నాను. ఆమె నన్ను చూడనేలేదు. చుట్టూ చూసింది. ఈ మిద్దె, ఆ మిద్దె, వాటెనక మిద్దె. పిలవాలనుకున్నవాళ్ళంతా వచ్చి, మనిషికి మనిషికీ దూరం పాటిస్తూ, ఆమెవైపే చూస్తున్నారు. ఆమె మొహం మెల్లగా విప్పారింది.

"ఏమయ్యా, గమ్మున నిలబడినావే? ఇటుకలు తీసకరా. కట్టెలు తీసకరా. ఆవు యాడుంటే ఆడనే పాలు."

"ఈడనా? మిద్దె మిందనా? శాస్త్రం..."

"శాస్త్రం పేడేసి నిలబడుండాది, చూడు. పో!"

పోయాను. నా గది ముందున్న గట్టు మీద మూడిటుకలు పెట్టాం, సెంట్రింగు చెక్కల ముక్కలు రాజేశాం, కొత్త గిన్నెలో పాలు పోశాం. గాలికి మంట ఆగకపోతే మద్దిలేటి రేకు అడ్డం పెట్టాడు. వెంటనే అటుపక్క మిద్దె మీదివాళ్ళు గోల: "అప్పా, పక్కకు జరుగు! పొయ్యి కనపడ్డంలే!"

పాలు పైకి లేచాయి, పొంగాయి, ఇటుకల మీదుగా పొర్లి మిద్దె మీద పారాయి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మిద్దెలన్నిటి మీదా పళ్ళేలు, గరిటెలు మోగాయి. ముత్తయిదువలు అక్కడినుంచే అక్షింతలు విసిరారు. మా మీద ఒక్కటీ పడలేదు, అయినా అన్నీ తగిలినట్టే ఉంది.

ఓబుళమ్మ ఊరుకుంటుందా? "గట్టు నిండా పాలు చేస్తివే రత్నమ్మా!" అంది.

"కానీలే అక్కా, గట్టు మాది గదా" అంది రత్నమ్మ.

అప్పుడు ఓబుళమ్మ పకపకా నవ్వి, పళ్ళెం తీసుకుని అందరికంటే గట్టిగా కొట్టింది.

ఇక ఆవు. ఖాళీ సిమెంటు సంచుల్లో ఇసుక నింపి, మెట్ల మీద పరచి, సందుల్లో ఇంకా ఇసుక పోసి తొక్కి, మెట్లన్నిటినీ ఒకే వాలుగా చేశాం. చేసింది నేనూ మద్దిలేటీ, చెప్పింది మాత్రం చుట్టూ ఉన్న మిద్దెలన్నీ. దూడను అడుగున నిలబెట్టాం. ఆవు ఒక కాలు పెట్టి చూసింది, తర్వాత పెళ్ళికూతురు పందిట్లోకి వచ్చినంత నెమ్మదిగా దిగి దూడను నాకింది. వెనకాల తోక పట్టుకుని దిగుతున్న నాకు నడిమెట్ల మీదే పట్టు తప్పి కాలు జారింది. నేను మాత్రం ఇసుక మీద వెల్లకిలా, ఆవుకంటే చాలా వేగంగా, దాని కాళ్ళ పక్కనే వచ్చి వాలాను. పళ్ళేలు మళ్ళీ మోగాయి.

ఆ తర్వాత మా వీధిలో మరికొన్ని ఇళ్ళు లేచాయి. గృహప్రవేశాలకు నన్నూ పిలిచారు. అందరూ పాలు మిద్దె మీదే పొంగించారు. అదేమని ఒకాయన్ను అడిగితే, "పాతకాలం శాస్త్రం పెద్దాయనా, నీకు తెలీదులే" అన్నాడు. ఏ పుస్తకంలో ఉందని నేను అడగలేదు.

కనుక పాఠక మహాశయులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణముండగా ఇంకే ఆవునూ మెట్లెక్కించను. శాస్త్రం కనిపెట్టడం నావంటివాడికి జన్మకొకసారి చాలు.