పెర్లిటా వదిలేసిన గీత

మా బరంగాయ్‌లో, అంటే మా పల్లెలో, ఎవరికి నలతగా ఉన్నా ముందు పెర్లిటా గుమ్మమే తొక్కుతారు. డాక్టరు ఉండేది పట్నంలో. నర్సు వారానికోసారి వస్తే గొప్ప. మిగతా రోజులన్నీ పెర్లిటావే. పసిపిల్లల్ని తూచడం, ముసలివాళ్ళకు బీపీ చూడడం, కడుపుతో ఉన్నవాళ్ళను వెంటపడి సూది మందుకు లాక్కెళ్ళడం, తాగి పడ్డవాడి తలకు కట్టు కట్టి నాలుగు చీవాట్లు పెట్టడం, అన్నీ ఆమే. భర్త పోయాక ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనికి వచ్చే చిన్న భత్యంతోనే. అయితే అది పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం కాదు. ఊరిపెద్దగా ఎన్నికైన బరంగాయ్ కెప్టెన్ ఉంచితే ఉంటుంది, వద్దంటే ఊడుతుంది. అందుకే కెప్టెన్ ఎన్నికలు వచ్చినప్పుడల్లా పెర్లిటాకు అన్నం సయించదు.

నేను ఆమె పక్కింటిదాన్ని, ఇక్కడి బళ్ళో టీచర్ని. ఎన్నికలంటే నాకూ ఒళ్ళుమంటే. పోలింగు పెట్టేది మా బళ్ళోనే, ఓట్లు లెక్కపెట్టించేది మా చేతే, ఓడినవాడి బంధువులు తిట్టేదీ మమ్మల్నే. మా దగ్గర గవర్నరునూ ఓట్లేసే ఎన్నుకుంటాం, ఆ ఎన్నిక కాస్త నయం. గవర్నరు కుటుంబాన్ని వేదిక మీద చూస్తాం, చేతులూపుతారు, పోతారు. కెప్టెన్‌గా నిలబడ్డవాడు మాత్రం మర్నాడు పొద్దున మన పెరటి దారినే సముద్రానికి వెళ్తాడు. గెలిచినా ఓడినా వాడి మొహం చూడక తప్పదు.

ఆ అక్టోబరులో కెప్టెన్‌గా ఇద్దరు నిలబడ్డారు. ఒకడు నెస్టర్ తుబియానోసా. అప్పటికే కెప్టెన్, పెర్లిటా భర్తకు పినతండ్రి కొడుకు. రెండోది ఎడిటా మగ్వాద్. చెరువుల్లో చేపలు పెంచి బాగుపడిన మనిషి. పెర్లిటా కూతురు జొవెలిన్‌కు చర్చిలో జ్ఞానస్నానం చేయించినప్పుడు బిడ్డను చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి ఆవిడే. అప్పటినుంచీ ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు ‘మారే’ అని పిలుచుకుంటారు. మా దగ్గర ఆ పిలుపు తోడబుట్టిన బంధంకన్నా గట్టిది. నెస్టర్ వెనక గవర్నరు ఉన్నాడనీ, ఎడిటా వెనక మేయరు ఉన్నాడనీ అందరికీ తెలుసు. పైవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు రాజీపడి కలిసి భోంచేస్తారు. కిందవాళ్ళం ఏళ్ళ తరబడి మూతులు ముడుచుకుని తిరుగుతాం.

ముందు నెస్టర్ వచ్చాడు. ఆరోగ్య కేంద్రం అరుగు మీద కూర్చుని, తెచ్చిన చేపల సంచి పక్కన పెట్టాడు.

“వదినా, అన్నయ్యకి ఊపిరాడనప్పుడు ఆ తుఫానులో పడవ తీసిందెవరు?”

“నువ్వే. నేనెప్పుడు కాదన్నాను?”

“అన్లేదులే. ఊరికే గుర్తుచేశా. చేసిన మేలు మర్చిపోవడం ఈ ఊళ్ళో అంటుజబ్బైపోయింది. నీ దగ్గర దానికేమన్నా మాత్రలున్నాయా?” అని తన జోకుకు తనే పడీపడీ నవ్వాడు. పెర్లిటా కూడా నవ్వింది. నవ్వక చస్తుందా!

రెండ్రోజులు తిరక్కుండా ఎడిటా వచ్చింది. ఆవిడ నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి. పీట లాక్కుని కూర్చుని, పెర్లిటా చేతిలోని కర్రపెండలం తీసుకుని తనే చెక్కు తీయడం మొదలుపెట్టింది.

“నిన్ను ఓటడగడానికి రాలేదు మారే. అడిగితే ఇక మన మధ్య ఉన్నదానికి విలువేముంది?”

“మరి ఈ ఎండలో పడి ఎందుకొచ్చావు తల్లీ?”

“అడగడానికి రాలేదని చెబుదామనే వచ్చా.”

ఆవిడ వెళ్ళాక పెర్లిటా మా కంచె దగ్గరకొచ్చి నిలబడి రెండు చేతులతో దవడలు రుద్దుకుంది. “మొహం నొప్పెడుతోంది టీచరమ్మా, ఇద్దరికీ ఒకేలా నవ్వీ నవ్వీ. ఒకరికి ఇసుమంత ఎక్కువ నవ్వానా, రెండోవాళ్ళకి సాయంత్రానికల్లా కబురెళ్ళిపోతుంది.”

పోలింగు రోజు ఆమె పొద్దున్నే వచ్చి వేలికి సిరా వేయించుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పోలింగు ముగియగానే అక్కడే లెక్కింపు. గవర్నరు ఎన్నికల్లా దీనికి యంత్రాలు లేవు. ఓటరు తన చేత్తో కెప్టెన్ పేరూ, కింద ఏడుగురు సభ్యుల పేర్లూ రాయాలి. నేను ఒక్కో కాగితం విప్పి పైకి చదువుతుంటే, కుర్ర టీచరు గోడకు అంటించిన పెద్ద కాగితం మీద గీతలు గీసింది. కిటికీలకు జనం వేలాడుతున్నారు. ఒక కాగితం విప్పి ఆగిపోయాను. సభ్యుల పేర్లు ఏడూ పొందిగ్గా ఉన్నాయి. కెప్టెన్ గీత మీద ఏమీ లేదు. ఎడమకు వాలిన ఆ అక్షరాలు నాకు తెలుసు. నా పిల్లల టీకా కార్డుల మీద ఉన్నవీ అవే.

“కెప్టెన్, ఖాళీ,” అని చదివాను.

“ఎవడ్రా ఆ సోమరిపోతు? చెయ్యి పడిపోయిందా?” కిటికీ దగ్గర ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

చివరకు నెస్టర్ గీతలూ ఎడిటా గీతలూ సరిసమానంగా నిలిచాయి. మళ్ళీ లెక్కపెట్టాం. మళ్ళీ అంతే. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఎవరైనా చిత్తుగా ఓడిపోతే ఊరు నాలుగు రోజులు ఏడ్చి పడుకుంటుంది. సమానంగా వస్తే మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒక దొంగ తేలతాడు. తాగి మధ్యాహ్నం దాకా పడుకున్న అల్లుడిని ఒకావిడ ఇంట్లోంచి గెంటేసింది. పట్నంలో పేకాటకు కూర్చుని ఓటుకు రాని ముసలాయనతో పెళ్ళాం మాట్లాడడం మానేసింది. ఇక ఆ ఖాళీ ఓటు ఎవరిదో తెలుసుకోవడానికి రెండు పక్షాలవాళ్ళూ ఇల్లిల్లూ గాలించారు. నన్నూ అడిగారు. ఓటు రహస్యమని కసిరి పంపాను. పెర్లిటా మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది.

సమానంగా వస్తే మా చట్టం ప్రకారం చీటీలు తీయాలి. ఎన్నికల అధికారిణి మా తరగతి గదికే వచ్చింది. ఖాళీ బిస్కెట్ల డబ్బాలో రెండు చీటీలు మడిచి వేసింది. ఒకదాని మీద ‘కెప్టెన్’ అని ఉంది, రెండోది తెల్లకాగితం. నెస్టర్ తల్లి జపమాల పట్టుకుని బెంచీ పక్కన నేల మీద మోకరిల్లింది. నెస్టర్, ఎడిటా చెరొకటి తీశారు. రాత ఉన్నది నెస్టర్‌కు వచ్చింది. బయట ఈలలు, కేకలు, ఎవరో డప్పులా మోగించిన బకెట్టు. ఎడిటా తెల్లకాగితం అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. మొహమంతా చెమట.

“పెర్లిటాను పిలవండి, బీపీ చూడాలి,” అన్నారెవరో. పిలిచారు. వచ్చింది. ఎడిటా జబ్బకు పట్టీ చుట్టి గాలి కొడుతుండగా నెస్టర్ వచ్చి నిలబడ్డాడు, మెడలో పూలదండతో.

“వదినా, ఇప్పుడన్నా చెప్పు. అంతా అయిపోయింది, నేనేం అనుకోనులే. నాకేగా వేశావు?”

‘నీకే’ అంటే చాలు, ఆమె పని నిలుస్తుంది. కానీ ఎడిటా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. పెర్లిటా గాలి కొట్టడం ఆపింది.

“ఎవరికీ వెయ్యలేదు నెస్టర్. ఆ ఖాళీ నాదే.”

“నీదా?”

“సభ్యుల పేర్లు ఏడూ రాశాను. పై గీత దగ్గరికొస్తే నీ పడవ కనబడింది, ఈవిడ మొహమూ కనబడింది. ఎవరి పేరు రాసినా రెండోవాళ్ళకి ద్రోహమే. ఇన్నేళ్ళుగా ఇదే గొడవ. విసుగొచ్చి మడిచేశాను.”

నెస్టర్ పూలదండ తీసి చేత్తో పట్టుకున్నాడు. “అయితే నా చేత ఈ డబ్బాలో చెయ్యి పెట్టించింది నువ్వన్నమాట. ఊరిముందు మా అమ్మను నేల మీద కూర్చోబెట్టింది నువ్వన్నమాట.” అంతే, వెళ్ళిపోయాడు.

ఎడిటా తన చేతి పట్టీ తనే విప్పుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“అతనికి వేసుంటే నాల్రోజులు తిట్టుకుని ఊరుకునేదాన్ని మారే. పడవ తీశాడు, రుణం తీర్చుకుంది అనుకునేదాన్ని. పేరు రాసేపాటి మనిషిని కూడా కాకపోయానా నీకు?”

పెర్లిటా ఆ పట్టీని చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది.

కొత్త పదవీకాలం మొదలవగానే నెస్టర్ కబురు పంపాడు. “విసుగొచ్చిందన్నావుగా వదినా, విశ్రాంతి తీసుకో.” ఆరోగ్య కేంద్రం తాళంచెవి అతని మరదలి నడుముకు చేరింది. ఎడిటా జొవెలిన్ పెళ్ళికి పంది మాంసమూ కొత్త దుప్పట్లూ పంపించింది కానీ తను రాలేదు. జ్ఞానతల్లి కుర్చీ ఖాళీగా పెట్టుకుని పెళ్ళి చేశారు. ఇప్పుడు పెర్లిటా మా బడి ముందు బెల్లం పట్టించిన అరటికాయ ముక్కలు పుల్లలకు గుచ్చి అమ్ముతోంది. ఆమెను చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఇద్దరినీ నొప్పించకూడదనుకున్నందుకా ఇంత శిక్ష? ఊరి పసిపిల్లలందరినీ ఎత్తిన చేతులవి.

మళ్ళీ మే నెల వస్తోంది, గవర్నరు ఎన్నికలు. మైకులు మొదలయ్యాయి. నిన్న బడి వదిలాక ఆమె బల్ల దగ్గర ఆగాను.

“ఈసారన్నా ఇంట్లో పడుకో పెర్లిటా. ఓటూ వద్దు, గీటూ వద్దు.”

“వెళ్తాను టీచరమ్మా.” పుల్ల మీద ముక్క సర్దుతూ అంది. “వెళ్ళి ఎవరో ఒకరికి వేసేస్తాను. ఎవరైతేనేం. అప్పుడు ఒకరికి వేసుంటే ఒక్కరైనా మిగిలేవాళ్ళు.”