రాయని ఐదు రోజులు

మొన్న ఆదివారం మదీనాగూడలోని మా ఇంటికి మా మేనకోడలు వచ్చింది. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో దాని ఉద్యోగం. దాణాలో కలిపే పదార్థాలకు అనుమతి కోరుతూ కంపెనీలు పంపే కాగితాలు చదివి, లెక్కలు సరిపోయాయో లేదో చూడడం. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, "మామయ్యా, కోడిపిల్లలకు కావాలనే మోతాదు మించి పెడతారా? పాపం కదూ?" అని అడిగింది. ఏదో జవాబు చెప్పాను గానీ, మనసు మాత్రం నా మొదటి ఉద్యోగం దగ్గరికి, మా మేడమ్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇవాళ గోపన్‌పల్లిలో అపార్ట్‌మెంట్లు చూసేవారికి నమ్మకం కలగదేమో గానీ, ఆ దాపుల్లోనే మా రేకుల షెడ్లుండేవి. దాణాలో లైసిన్ అనే అమైనో ఆమ్లం చాలకపోతే కోడిపిల్ల ఎంత తిన్నా ఒళ్లు చేయదు. అందుకని దాన్ని పొడిగా చేసి కలుపుతారు. ఏ కంపెనీ అయినా కొత్త పొడి తెస్తే అది పనిచేస్తుందా, హాని చేయదా అని తేల్చడం మా పని. చెప్పిన మోతాదు వేసి తూకం చూసేవాళ్లం. మరికొన్ని పిల్లలకు దానికి ఎన్నో రెట్లు వేసి, రేపు ఏ మిల్లులోనో చెయ్యి జారి ఎక్కువ పడితే ఏమవుతుందో ముందే చూసేవాళ్లం. షెడ్డులో పిల్లలను అరలుగా విడదీసి ఉంచేవాళ్లం; ఏ అరలో ఏ దాణా ఉందో మాకు తెలియనివ్వరు. అరలకు రంగు రిబ్బన్లు కట్టి, ఆ వివరాల కాగితం మేడమ్ తన బీరువాలో దాచుకునేవారు.

మా మేడమ్ గుంటూరు వైపు మనిషి. ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చి, అదే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని రబ్బరు బూట్లు తొడిగేవారు. ఎంత పెద్ద అధికారి వచ్చినా గుమ్మం దగ్గరి మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచనిదే లోపలికి రానిచ్చేవారు కాదు. షెడ్డు చూసుకునే అక్క పాలమూరు నుంచి కూలిపనికి వచ్చి మా దగ్గర స్థిరపడింది. చదువు రాదు, కానీ పిల్లల కూత విని వాటికి చలేస్తోందో ఆకలేస్తోందో చెప్పగలిగేది.

ఒకసారి ఓ కంపెనీ పొడిని పరీక్షిస్తుండగా, మూడోవారంలో పసుపు రిబ్బన్ అరల్లో పిల్లల కింద పరిచిన ఊక తడితడిగా కనిపించింది. నీళ్ల గిన్నెలు కారుతున్నాయనుకున్నాను. "గిన్నెలు కారుడు కాదు సారూ, గీ పిల్లలు నీళ్లు మస్తు తాగుతున్నయి," అంది అక్క. కొత్తగా డిగ్రీ పుచ్చుకున్నవాణ్ని కదా, ఆవిడ మాట చెవిన పెట్టలేదు. కంపెనీవాళ్లు చూడ్డానికి వస్తున్నారని తడి ఊక తీయించి పొడి ఊక వేయించాను. కారిన నీళ్లను తాగినట్టు రాయడమెందుకని ఐదు రోజుల పాటు రిజిస్టరులో ఆ అరల నీళ్ల కొలత రాయనేలేదు. తరవాత అక్కడ పక్కరోజుల అంకెలు చూసి నింపేద్దామనుకున్నాను.

పరీక్ష ముగిసింది. తూకాలు బ్రహ్మాండంగా వచ్చాయి. కంపెనీవాళ్లు నా వీపు తట్టారు. మేడమ్ సంతకం పెట్టడానికి రిజిస్టరు తెమ్మన్నారు. దాన్ని పట్టుకుని వరండాలో నడుస్తూ, ఇంకా నింపని ఆ గళ్ల పేజీ తెరిచి చూశాను. గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను, ఉద్యోగం పోయిందనే అనుకుంటూ.

ఆవిడ కోప్పడలేదు. రిజిస్టరు తిరగేసి చూసి, "ఊహించి నింపకండి. ఖాళీ గళ్లు చూసి చదివేవాళ్లు అనుమానపడతారు. పడనివ్వండి," అన్నారు. తరవాత నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్లి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని అక్కను అడిగారు.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"మూడోవారంలనే మేడం. ఊక పిడికిట్ల పడితె ముద్దయితుండె. సార్‌కు చెప్పిన," అంటూ అక్క నా వంక చూడకుండా ఒక పిల్లను పట్టుకుని దాని పాదాల అడుగున తడికి పడ్డ పుండ్లు చూపించింది.

పరీక్ష మళ్లీ మొదలు పెట్టించారు మేడమ్. కంపెనీవాళ్లు మండిపడితే, "నాకు తెలియనిదాని కింద సంతకం పెట్టలేనండీ," అని ఊరుకున్నారు. ఈసారి నీళ్లు అక్కా నేనూ కలిసి కొలిచాం. పసుపు అరలే ఎక్కువ మోతాదు అరలని తేలింది. ఆ పొడిలో లైసిన్‌తో కలిసి ఉండే క్లోరైడు, దాణాలోని మామూలు ఉప్పులో ఉండే క్లోరైడుకు తోడై పిల్లలకు దాహం పెంచుతోంది. ఉప్పు తగ్గించి చూస్తే ఊక పొడిగా ఉంది. పొడి మంచిదే, చెప్పిన మోతాదులో హాని లేదు, కలిపేటప్పుడు ఉప్పు తగ్గించాలి అని రాసి మేడమ్ సంతకం పెట్టారు. మొదటి పరీక్ష కాగితాలు కూడా, ఆ ఐదు ఖాళీ గళ్లతో సహా, దానికి జతచేయించారు. నేను తప్పు చెప్పుకున్న మర్నాడు కూడా నన్ను ఎప్పటిలాగే పేరు పెట్టి పిలిచి పని చెప్పారు.

ఇప్పుడు నీళ్లు కొలవడానికి మీటర్లు, తేమ చూడ్డానికి యంత్రాలు వచ్చాయి, సంతోషమే. కాలక్రమంలో నేనూ మేడమ్ కూర్చున్నటువంటి కుర్చీలో చాలా ఏళ్లు కూర్చున్నాను. అన్నేళ్లలో నా కింద పనిచేసినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు నా గదిలోకి వచ్చి, పొరపాటు చేశానండీ అని చెప్పలేదు. ఆ రోజుల్లో అది నా సమర్థత అనుకుని మురిసిపోయాను. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తుంటే, వాళ్లు నన్ను చూసి ఎంత భయపడి ఉంటారో అనిపిస్తోంది.