మేకు కోసం వేసిన చిల్లు

రెండేళ్ళ క్రితం నోయిడాలో, విమానాలు, డ్రోన్ల స్టార్టప్‌లకు చోటిచ్చే ఒక ఇంక్యుబేటర్‌లో నాకు బల్ల దొరికింది. పక్క బల్ల కిరణ్‌ది. ఢిల్లీ వైపు తెలుగు మాట వినబడితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది కదా! "అక్కా, గోంగూర తెచ్చావా?" అంటూ రోజూ నా క్యారియర్‌లో సగం తినేవాడు. డ్రోన్‌కు కెమెరా బిగించే బ్రాకెట్ నేను తయారుచేస్తుంటే పక్కనే నిలబడి చూసేవాడు.

పెద్ద కంపెనీల వాళ్ళు వచ్చి పెట్టుబడికి మాలో ఒకరిని ఎంచుకునే రోజు, నాకంటే ముందు కిరణ్ స్టేజీ ఎక్కాడు. తెర మీద నా బ్రాకెట్! "ఇది నా సొంత డిజైన్" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. అయినా అరవకుండా చెయ్యెత్తాను.

"ఆ మూల చిల్లు ఎందుకు, కిరణ్?"

"గాలి ఆడి కెమెరా వేడెక్కకుండా" అన్నాడు తడుముకోకుండా.

నేను తెచ్చిన బ్రాకెట్‌ను పైకెత్తి చూపించాను. దానికి చిల్లు లేదు. "డ్రోన్‌కి ఆ చిల్లు అక్కర్లేదు. బల్ల మీద చోటు లేక, నా మొదటి నమూనాను గోడ మేకుకు తగిలించుకోవడానికి వేశాను" అన్నాను.

అది గోడకు వేలాడటం మా వాళ్ళంతా రోజూ చూసిందే. హాలు ఘొల్లుమంది. ముందు వరుసలో పెద్దాయన "అచ్ఛా!" అని పెన్ను మూసేశాడు. కిరణ్ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

వారం తిరక్కుండా బల్ల ఖాళీ చేస్తూ "క్షమించక్కా" అన్నాడు. క్షమిస్తే మనసు తేలికపడుతుందంటారు. నాకు మాత్రం గోడ మేకు పీకి అతని చేతిలో పెట్టాకే తేలికపడింది.

"ఇది మర్చిపోయావు తమ్ముడూ!"